గడ్డి ముట్టని పిల్లలు

ఆయన అంకెను నోటితో చెప్పేవాడు కాదు. కర్రతో ఇసకలో రాసి, నేను చదివేదాకా ఆగి, చదివానని తల ఊపాక బూటుకాలితో చెరిపేసేవాడు. బూటంటే కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూటే. కాని మడమ వైపు అణగదొక్కి దాన్ని చెప్పు చేసేశాడు. సేఫ్టీ ఆఫీసరు వచ్చే రోజు మాత్రం ఆ మడమల్ని వేలితో పైకి లేపి కాళ్ళు లోపలికి తోసుకుని, సాయంత్రం దాకా కుంటుతూ తిరిగేవాడు.

పోయిన శుక్రవారం ఇక్కడ దోహాలో మెసైమీర్‌లో చర్చి అయ్యాక నజ్మాలో టిఫిన్ తినిపోదామని ఆగాను. అక్కడ మా పాత డ్రైవరు కనిపించాడు. జగిత్యాల దగ్గరివాడు. ఒకప్పుడు నెలకో రోజు నన్ను లుసైల్ ఆఫీసు నుంచి ఎడారిలో జింకల కంచె దాకా తీసుకెళ్ళి, మళ్ళీ దింపిన మనిషి. ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నారని పలకరించుకున్నాం. ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో అలాగే ఉంచేసి, "కాక పోయిండు మేడం. ఇరవై దినాలాయె" అన్నాడు.

గుండె అని చెప్పాడు. పొద్దున్నే ఊళ్ళో మేకల దొడ్డి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నేను అయ్యో అన్నాను. అందరూ అనే అయ్యో అది. నా అయ్యో వెనక ఏముందో ఆ డ్రైవరుకి సగం తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇసకలో అంకెలు రాసే ఆ కాక పేరు మాత్రం రాయను. ఆయన పేరు నేను ఒక కాగితంలో ఒకసారి రాశాను. ఆ ఒక్కసారికే చాలా జరిగింది.

నా పని జంతువుల లెక్క. ఎన్ని ఉన్నాయి, ఏడాదికి ఎన్ని పుడతాయి, ఎన్ని పోతాయి, ఉన్న మేతకీ నీళ్ళకీ ఎన్ని బతకగలవు, ఇలాగే సాగితే నాలుగేళ్ళకి మంద ఎంతవుతుంది అన్నదంతా కంప్యూటర్లో పెట్టి ఒక గీతగా చూపించడం. మా అమ్మ రాజోలులో అందరికీ నన్ను ఇంజనీరని చెప్పుకుంటుంది. పెద్ద చదువులు చదివిన పిల్ల ఖతార్లో జింకల్ని లెక్కపెడుతోందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆవిడ బాధ.

దోహాకి గంట దూరంలో ఉండేది ఆ కంచె. లోపల రీమ్ అని ఇక్కడివాళ్ళు పిలిచే ఎడారి జింకలు. ఇసక రంగే వాటి రంగు, కదిలితే తప్ప కనపడవు. బయట దాదాపు లేకుండా పోయాయి కనక ఇలా కంచెలో కాపాడి, మంద పెరిగాక కొన్నిటిని వేరేచోట వదలాలని అనుకున్నారు. ఎన్ని పెరిగాయో చెప్పే పని మా కంపెనీది, కంపెనీలో నాది. తొట్లు నింపడం, మేత వెయ్యడం, కంచె చుట్టూ తిరిగి చూసుకోవడం, గేటు తాళం కాకవి. డ్రైవరు ఊరి పక్కనే గొల్లకురుమల ఇంట పుట్టి, గొర్రెల వెనక నడక నేర్చి, గల్ఫుకొచ్చి ఇరవై ఏళ్ళు ఎడారిలో ఏదో ఇజ్బాలో, అంటే పశువుల దొడ్డిలో, ఒంటెలు కాసి, చివరికి ఈ జింకల దగ్గరికి చేరాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మా వైపు అలవాటుగా బాబాయ్ గారూ అన్నాను. "మా దిక్కు కాక అంటరు బిడ్డా. గారు గీరు నాకు బరువైతది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు కాక, నేను ఆయనకి బిడ్డ.

ఆయన లెక్కపెట్టే పద్ధతి చూసి నాకు మొదట్లో నవ్వొచ్చింది. పొద్దున్నే జింకలు తొట్ల దగ్గరికి వచ్చే వేళకి బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. వచ్చినవాటిని లెక్కపెడుతున్నట్టే ఉండేది కాదు. ఊరికే చూస్తూ ఉండి, చివర్లో బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపుల మీద నాలుగైదు చోట్ల నొక్కుకునేవాడు. ఆ నాలుగైదూ రానివి. "వచ్చినదాన్ని ఏం లెక్కవెడ్తవ్ బిడ్డా, అది ఎట్లయిన వచ్చింది గద. రానిదాన్ని లెక్కవెట్టాలె" అనేవాడు. మాఫీ అంటే అరబ్బీలో లేదని. చెవి చిరిగినది మాఫీ, ముక్కు మీద మచ్చది మాఫీ అనుకుంటూ లేచి, వాటిని వెతుక్కుంటూ వెళ్ళేవాడు. అవి ఎక్కడున్నాయో చూసి వచ్చాకే కర్ర తీసుకుని ఇసకలో అంకె వేసేవాడు. మందను నోటితో లెక్కిస్తే దిష్టి తగులుతుందట. రాసి ఉంచినా అంతేనట. నేను మరి పుస్తకంలో రాసుకుంటున్నాను కదా అంటే, నీ చేతి రాత కదా, నాది కాదు కదా అన్నాడు. దేవుణ్ణి కూడా ఇలాంటి చిన్న సందుల్లోంచే దాటేస్తాడేమో అనిపించింది.

అన్నిటికీ పేర్లు పెట్టాడు. రొమ్ము విరుచుకుని అన్నిటి ముందూ నడిచే మగ జింక సర్పంచ్. ఊరికే కొమ్ములు దూసే కుర్రది తమ్ముని అల్లుడు. ఒక ఆడజింక రోజూ అందరి తరవాత, తొట్టి ఖాళీ అవుతున్న వేళకి తీరిగ్గా వచ్చేది. దాని పేరు మేడం. ఆఫీసు బండి ఏ రోజూ చెప్పిన టైముకి రాదని నా మీద వేసిన పేరు అది. ఒకసారి నేను పక్కనే నిలబడి ఉండగా డ్రైవరుతో, మేడం ఇయ్యాల కుంటుతోంది, కాలు చూడాలి అన్నాడు. డ్రైవరు కంగారుపడి నా కాళ్ళ వైపు చూశాడు. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం.

నా గీత ఏమిటో ఒకసారి ఆయన కర్రే తీసుకుని ఇసకలో గీసి చూపించాను. మంద చిన్నగా ఉన్నప్పుడు మెల్లగా పెరుగుతుంది, తరవాత జోరందుకుని ఏటవాలుగా పైకి పోతుంది, మేతా నీళ్ళూ ఇంతకన్నా చాలవు అన్నచోటికి వచ్చాక వంగి అడ్డంగా సాగుతుంది అని చెప్పాను. ఆయన కాసేపు చూసి, ఇది మా అవ్వకి కూడా తెలుసన్నాడు. పిడికెడు గొర్రెలుంటే నిమ్మళం, దొడ్డి నిండితే కుమ్ములాట, ఆపైన ఈనినా నిలవవు, అంతే కదా అన్నాడు. నేను రెండేళ్ళు యూనివర్సిటీలో కూర్చుని నేర్చుకున్నది అంతేనని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

పేచీ వచ్చింది కూనల దగ్గర. రీమ్ జింక తరచు కవలల్ని ఈనుతుంది. పుట్టిన కూన కొన్ని వారాలు ఏ రాతి చాటునో పొదలోనో కదలకుండా పడుకుని ఉంటుంది, తల్లే వెళ్ళి పాలిచ్చి వస్తుంది. కాకకి అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసు. కాని లెక్కలో వేసేవాడు కాదు. "గడ్డి ముట్టనిది భూమిది బిడ్డా. గడ్డి ముట్టినంకనే మందది. మా అవ్వ మాట." ఏ పిల్లయినా నోటితో గడ్డి కొరకడం కళ్ళారా చూస్తేనే ఇసకలో అంకె ఒకటి పెరిగేది. నాకేమో పుట్టిన రోజు నుంచీ కావాలి, లేకపోతే ఎన్ని పుట్టి ఎన్ని పోతున్నాయో గీతకి ఎలా తెలుస్తుంది? అందుకని తొట్ల దగ్గర పెట్టిన కెమెరాల్లో ఆడజింకల్ని చూసి, మందలో ఇన్ని తల్లులుంటే ఇన్ని కూనలు దాగి ఉంటాయని ఒక అంచనా కట్టాను. నా షీటులో 'దాగిన పిల్లలు' అని ఒక వరస పెట్టి, కాక అంకెకి ఆ అంచనా తనంతట తనే కలిసేలా చేశాను. పై ఆఫీసుకి వెళ్ళేది ఆ మొత్తం ఒక్కటే. కాక అంకె విడిగా నా పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండేది కాదు.

అయినా అంచనా అంచనాయే కదా. నాకు కళ్ళతో చూసిన లెక్క కావాలి. అందుకని కాక వెంట పడ్డాను. మూడు నెలలు ప్రతిసారీ అడిగాను. ప్రతిసారీ ఆయన పాలు లేని సులేమాని చాయ్ పెట్టి ఇచ్చి మాట మార్చేవాడు. చివరికి ఒక అబద్ధం ఆడాను. కూనల లెక్క లేకపోతే ఆఫీసులో నన్ను తిడుతున్నారు, ఉద్యోగం ఉంటుందో పోతుందో అన్నాను. ఎవరూ తిట్టలేదు. ఆయన చాయ్ గ్లాసులు కడిగాడు.

మరుసటి నెల నేను బండి దిగేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇసకలో అంకె వేశాడు. మామూలుగా ఉండేదానికంటే చాలా పెద్ద అంకె. "ఈ తాప పిల్లలను గూడ కలిపిన బిడ్డా. రాళ్ళ సందులున్నయి, పొదలల్ల ఉన్నయి, అన్ని కలిపిన. నీ నౌకరి గురించి" అన్నాడు. ఈసారి అంకె చెరిపేటప్పుడు రెండు కాళ్ళతో చెరిపాడు. కర్రతో ఆ చోట ఇసక తిరగేశాడు కూడా. నేను అదేమీ పట్టించుకోలేదు. నేను గెలిచానన్న సంతోషంలో ఉన్నాను. దారి పొడుగునా డ్రైవరుకి మనిషి ఎలా మారతాడో ఉపన్యాసం ఇచ్చాను.

ఆఫీసుకి వచ్చి ఆ అంకెను షీటులో వేశాను. 'దాగిన పిల్లలు' వరస తీసెయ్యాలి. తియ్యలేదు. మర్చిపోయాను. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు. కాక కలిపిన కూనలకే నా షీటు మళ్ళీ కూనల్ని కలిపింది. ఆపైన కాక ప్రతి నెలా కూనల్ని కలిపే అంకె వేశాడు, షీటూ నెలనెలా కలుపుతూ పోయింది. లేని కూనల్లో సగం ఆడవని షీటు అనుకుంది, అవి ఎదిగి ఈనాయని కూడా అనుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుంటాం కదా, నా షీటులో ఆ సోమలింగానికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టారు. గీత నిటారుగా లేచింది. లుసైల్ ఆఫీసులో మా మేనేజరు దాన్ని తెర మీద వేసి చూపిస్తే చప్పట్లు కొట్టారు. నేను ఆ గీత ప్రింటు తీసి కాకకి పట్టుకెళ్ళాను. నీ కంటికి ఆననివి కూడా చాలా ఉన్నాయి కాకా, కెమెరాకి తెలుస్తాయి అని చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని చూసి ఆశ్చర్యపోయి, గోడకి అంటించుకున్నాడు. ఇన్ని ఉన్నాయా, నాకు ముసలితనం వచ్చింది బిడ్డా అన్నాడు. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు.

ఏడాదిన్నర గడిచింది. గీత చూసి పైవాళ్ళు ఇక కొన్ని జింకల్ని తరలించవచ్చని నిర్ణయించుకున్నారు. తరలించే ముందు ఒక్కరోజున అసలు లెక్క తీశారు. మనుషుల్ని వరసగా నిలబెట్టి మందను మెల్లగా ఒక ఇరుకు దారిలోంచి నడిపించి ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టారు, పొదల్లో దాగిన కూనల్ని కూడా వెతికి రాసుకున్నారు. నా మొత్తానికి అరవై మూడు తక్కువ వచ్చాయి.

కంచె ఎక్కడా తెగలేదు. కళేబరాలు లేవు. దొంగ అని ఎవరూ పైకి అనలేదు. తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని మాత్రం అడిగారు. నన్ను ఒక పేజీ నోటు రాసి పంపమన్నారు, తేడా ఎందుకు వచ్చి ఉండవచ్చో. నేను గంటలో రాసి పంపాను. క్షేత్రంలో లెక్క ఒకే మనిషి చేతిలో ఉంది, రాతలో ఆధారం ఏదీ ఉంచడు, కాబట్టి ఆ లెక్క నమ్మదగినది కాదు అని రాశాను. ఆ మనిషి ఎవరో తెలియాలి కదా అని పేరు రాశాను. నిజంగా అలాగే అనుకున్నాను అప్పుడు. నా షీటు తప్పయి ఉండవచ్చన్న ఊహ కూడా నాకు రాలేదు.

కాకని పిలిచి అడిగినప్పుడు నేను అక్కడ లేను. మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి డ్రైవరుని కూర్చోబెట్టారు. అతనే కొన్ని రోజుల తరవాత నాకు చెప్పాడు. మొదట కాక చాలా గట్టిగా నిలబడ్డాడట. నా మంద నా ముందరే ఉంది, ఒక్కటి పోలేదు, ఇయ్యాల వచ్చిన లెక్క నేను చెప్పిన లెక్కే, కావాలంటే బిడ్డ బుక్కులో చూడండి అన్నాడట. మేనేజరు బుక్కు అడగలేదు. నా షీటు తీసి ముందు పెట్టాడు.

"కాక గా కాగితం మస్తు సేపు జూసిండు మేడం. గిది బిడ్డ రాసిందేనా అని అడిగిండు. అవునన్న. బిడ్డ రాసిందంటే నిజమే ఉంటది, నా కండ్లే తప్పు అన్నడు."

బుక్కులో చూడమన్నాడన్న మాట నా చెవిలో ఉండిపోయింది. డ్రైవరు చెప్పిన సాయంత్రమే పుస్తకం తీశాను. చివరి నెల కాక ఇసకలో వేసిన అంకె నా చేతిరాతలో ఉంది. మందను నడిపించిన రోజు తీసిన లెక్కా అదే. ఒక్కటి తేడా లేదు. వెనక నెలలు తిరగేశాను. అప్పుడు షీటు తెరిచి పై నుంచి కిందికి వస్తుంటే ఆ వరస కనిపించింది. దాన్ని సున్నా చేశాను. అరవై మూడూ ఒక్కసారిగా మాయమయ్యాయి.

అప్పటికి కాక వీసా క్యాన్సిల్ అయింది. టికెట్టు తీశారు. విమానానికి ఇంకా ఐదు రోజులుంది.

ఐదు రోజులంటే చాలా సమయం. మేనేజరు గదికి నా సీటు నుంచి ఇరవై అడుగులు. ఒక్క మెయిల్ చాలు. నాకు అదే నెలలో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. పిల్లల స్కూలు, మెసైమీర్‌లో కొత్తగా తీసుకున్న ఫ్లాటు అన్నీ గుర్తొచ్చాయి. కాకకి అబద్ధంగా చెప్పిన భయం ఇప్పుడు నిజంగా పట్టుకుంది. రేపు చెబుదాం అనుకుంటూ రెండు రోజులు, మీటింగుల్లో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, ముందు కాకకే చెప్పేద్దాం, ఆయన ఏం చెయ్యమంటే అది చేద్దాం అనుకుని నజ్మాకి వెళ్ళాను.

డ్రైవరుండే గదిలోనే ఆయన్నీ ఉంచారు. మంచం మీద కట్టిన అట్టపెట్టె, దాని చుట్టూ తాడు. కిలోలు ఎక్కువయ్యాయేమోనని దాన్ని చేత్తో లేపి దించుతున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. స్టవ్ వెలిగించి సులేమాని పెట్టాడు. కారులో నేను అనుకుంటూ వచ్చిన వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. ఆయనే ముందు మాట్లాడాడు.

"పెద్దవన్ని ఉన్నయి బిడ్డా, మొకం మొకం జూసుకున్న. పోయినయి పిల్లలే. నా కంటికి ఆనకముందే పోయినయి. తప్పు నాదే. అవ్వ మాట దాటిన. గడ్డి ముట్టకముందే లెక్కల వెట్టిన. దిష్టి తాకింది."

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ నేను రాయవలసిన మాట ఒకటుంది, ఇదంతా మొదలుపెట్టింది దానికోసమే. దిష్టి తాకిందన్న ఆయన మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊపిరి ఆడింది. తప్పు మోసే మనిషి దొరికాడు, అడక్కుండానే ఎత్తుకున్నాడు. నా నోట్లో ఉన్న వాక్యాన్ని చాయ్‌తో పాటు మింగేశాను.

నీ కెమెరాల్లో ఒక్కటైనా కనపడిందా అని అడిగాడు. లేదు కాకా అన్నాను. అది నిజమే కదా, లేనివి ఎలా కనపడతాయి. ఆయన నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, ఎక్కడెక్కడ వెతకాలో చెప్పడం మొదలుపెట్టాడు. పడమటి మూల రాళ్ళ దగ్గర చూడమన్నాడు, పాత పైపులు పడేసిన గుంట చూడమన్నాడు, మేడం జింక పోయే దారిలో చూడమన్నాడు. కనపడితే ఫోన్ చెయ్యి అన్నాడు. చేస్తాను కాకా అన్నాను. మెట్ల దాకా వచ్చి, నౌకరి మంచిగుందా అని అడిగాడు. బాగుందని చెప్పాను.

ఆయన ఊరికి వెళ్ళిన నెలకి మొదటి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల మేకలు అరుస్తున్నాయి. "బిడ్డా, మంచిగున్నవా? పిల్లలు దొరికినయా?" ఇంకా లేదు కాకా, ఆరోగ్యం జాగ్రత్త అని రాశాను. పండగకొకటి, వానలకొకటి వస్తూనే ఉన్నాయి. ఏది వచ్చినా ప్రశ్న ఒకటే. కొన్నాళ్ళకి నేను మాటలు రాయడం మానేసి రెండు చేతులు జోడించిన బొమ్మ పంపేదాన్ని. ఆఖరిది వచ్చి మూడు నెలలైంది. దానికి ఆ బొమ్మ కూడా పంపలేదు, ఏదో పనిలో ఉన్నాను.

ప్రతి శుక్రవారం దేవుడికి ఒప్పుకున్నాను. మోకాళ్ళు నొచ్చేదాకా ఒప్పుకున్నాను. దేవుడికి ఒప్పుకోవడం సుళువు. ఆయన జగిత్యాల నుంచి ఫోన్ చేసి దొరికాయా అని అడగడు.

నజ్మాలో ఆ రోజు లేచేముందు డ్రైవరు ఇంకో మాట చెప్పాడు. కాక ఆఖరుదాకా ఆ జింక పిల్లల ముచ్చటే చెప్పేవాడట. నా నోరు మంచిది కాదు, నా కన్ను మంచిది కాదు అనేవాడట. ఇంట్లో మేక ఈనితే దొడ్డి దాటి అవతలికి వెళ్ళిపోయేవాడట. చెబుతూ డ్రైవరు నా వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు ఒక చిన్న కాగితం ముక్క మీద కాక కూతురి ఫోన్ నంబరు రాసి ప్లేటు పక్కన పెట్టాడు. నేను అడగలేదు.

ఆదివారం ఆఫీసులో పాత షీటు తీశాను. జరిగిందంతా, నా తప్పు ఏమిటో, నోటులో నేను రాసింది ఎందుకు అబద్ధమో, ఆ మనిషి లెక్క చివరి కూన దాకా ఎలా సరిపోయిందో మేనేజరుకి మెయిల్ రాశాను. అప్పటి మేనేజరు వెళ్ళిపోయి ఏడాదిన్నరైంది. కొత్తాయన పావుగంటలో జవాబిచ్చాడు. చెప్పినందుకు థాంక్స్, పాత ఫైల్లో చేరుస్తాం అని ఒకే ఒక్క లైను. నేను మూడేళ్ళు భయపడింది ఆ ఒక్క లైనుకి. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసే, ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఎవరినో చెప్పగానే ఆమె గుర్తుపట్టింది. బాపు చెప్తుండె మేడం, దుబాయ్ల ఓ బిడ్డ ఉంది, లెక్కలు రాస్తది, మంచిది అని, అంది. వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే. ఎక్కడో దగ్గరగా ఒక పసిపాప గొణుగుతోంది. నేను ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆపకుండా చెప్పేశాను. ఆ కూనలు పోలేదమ్మా అన్నాను. ఎవరి దిష్టీ తగల్లేదు. అవి అసలు పుట్టనే లేదు, నా తప్పు వల్ల కాగితం మీద పుట్టాయి. మీ నాన్న చెప్పిన లెక్కే సరైన లెక్క, ఒక్కటి కూడా తేడా లేదు.

అవతల ఆమె పాపని జోకొట్టింది. పాప గొణుగుడు ఆగలేదు.

"గీ సంగతి మీకు ఎప్పుడు ఎర్కైంది మేడం?"

ఈ మధ్యనే అని చెప్పవచ్చు. ఆమెకి తెలిసే దారి లేదు. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"మీ నాన్న విమానం ఎక్కడానికి ఐదు రోజుల ముందమ్మా" అన్నాను.

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. పాపని భుజం మార్చుకున్న చప్పుడైంది.

"మా పాపకు ఐదో నెల నడుస్తున్నది. వచ్చే నెల అన్నం ముట్టిస్తం" అంది. "అన్నం ముట్టినంకనే మొకం జూస్తనన్నడు బాపు. నా కన్ను మంచిది గాదు అన్నడు. ఒకే ఇంట్ల ఉండి, సూడకుండనే పోయిండు."

ఫోన్ పెట్టేసింది.